వలయపటములలో పవర్ పిన్నులను కలుపు విధము

తూములెన్ని యున్నను చెఱువులో నీరు లేనిచో పొలము తడువదు. అటులనే ఎలక్ట్రానిక్ వలయమునందు సంకేతములు పోవు తీగలనెంత చక్కగా కలిపినను, ఐ.సి.కి విద్యుత్తునందించు పిన్నులను కలుపనిచో నది పని చేయజాలదు. ఈ పిన్నులకే పవర్ పిన్నులని పేరు. కంప్యూటరుపై వలయపటమును గీయ నేర్చుకొను విద్యార్థులు సులభముగా మఱచు భాగమిదియే యగుటచే దీనినిగూర్చి కొంత వివరింప నెంచితిమి.

పటములు గీయుటకు పెక్కు సాఫ్ట్‌వేరులు కలవు. మేమిచట కీక్యాడ్ అనుదానిని ఉదాహరణముగా గైకొనుచున్నాము. దీనిని ఫ్రాన్సు దేశమున జాఁ-పియెర్ షారా 1992లో ప్రారంభించెను. ఇది వెల లేకయే లభించును. ఇందు గీసిన పటమును బట్టియే పిమ్మట రాగిబాటలు గల బోర్డు తయారగును. కావున పటములో లేని కలయిక బోర్డులో నుండదు. పటములోని తప్పు బోర్డులోనికిని వచ్చును.

7400 అను ఐ.సి.ని చూతము. దానికి 14 పిన్నులు. లోపల నాలుగు నాండ్ గేట్లు. ఒక్కొక్క గేటునకు రెండు ఇన్‌పుట్లు, ఒక అవుట్‌పుట్, అనగా మూడు పిన్నులు. నాలుగు గేట్లకు 12 పిన్నులు సరిపోయినవి. మిగిలిన రెండు పిన్నులెందులకు? 14వది వీసీసీ, దీనికి 5 వోల్టుల విద్యుత్తునీయవలెను. 7వది గ్రౌండు. ఈ రెండును నాలుగు గేట్లకు ఉమ్మడి. పటములో నాలుగు గేట్లను నాలుగు చోట్ల నుంచవచ్చును గనుక ఉమ్మడి పిన్నులను ఎచ్చట చూపవలెనను ప్రశ్న పుట్టుచున్నది.

పూర్వము వానిని పటములో కనబడకుండ దాచు వాడుక యుండెడిది. కీక్యాడ్‌లో దాగిన పవర్ ఇన్‌పుట్ పిన్ను తన పేరుగల విద్యుత్ మార్గముతో తనంత తానే కలియును. ఇందుచే పటము శుభ్రముగా కనబడును, శ్రమయు తగ్గును. కాని యిందు అపాయము కలదు. ఒక విద్యార్థి 9 వోల్టుల బ్యాటరీ మార్గమునకు వీసీసీ అని పేరు పెట్టెననుకొందము. 7400లో దాగిన 14వ పిన్ను ఆ పేరును బట్టి దానితో కలిసిపోవును. ఆ ఐ.సి. ఓర్వగల హద్దు 7 వోల్టులు మాత్రమే. స్విచ్చి వేయగనే అది కాలిపోవచ్చును. పటమునెంత పరికించినను తప్పు గీత యొక్కటియు దొరకదు. తప్పు కనబడని చోటనే యున్నది. మఱియొక విద్యార్థి తన మార్గమునకు ప్లస్ 5వి అని పేరు పెట్టెననుకొందము. పిన్ను పేరు వీసీసీ. పేర్లు వేఱగుటచే రెండును కలియవు, ఐ.సి.కి విద్యుత్తే అందదు.

ఇప్పటి కీక్యాడ్ లైబ్రరీలో 7400నకు నాలుగు గేట్లుగాక, పవర్ పిన్నులకై అయిదవ భాగమొకటి ప్రత్యేకముగా నున్నది. దానినికూడ పటముపై నుంచి, 14వ పిన్నునకు ప్లస్ 5వి గుర్తును, 7వ పిన్నునకు గ్రౌండు గుర్తును తగిలింపవలెను. పటములో నొక మూల ఈ భాగములనన్నిటిని వరుసగా నుంచి, ఒక్కొక్కదాని ప్రక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును చేర్చుట మంచి యలవాటు. గేట్లు తటాలున మారునపుడు కావలసిన విద్యుత్తు దానినుండి వెంటనే లభించును. బోర్డుపైనను ఆ కెపాసిటరు పవర్ పిన్నులకు చేరువనే యుండవలెను. పిన్నుల సంఖ్యలను మాత్రము ఊహింపరాదు. 7490నకును 14 పిన్నులే. కాని దాని వీసీసీ 5వ పిన్ను, గ్రౌండు 10వ పిన్ను.

పటము ముగిసిన పిదప ఈఆర్సీ అను పరీక్షను జరుపవలెను. ప్రతి పిన్నునకును ఒక జాతి కలదు: పవర్ ఇన్‌పుట్, పవర్ అవుట్‌పుట్, పాసివ్ మున్నగునవి. విద్యుత్తును పుచ్చుకొను పిన్నున్న మార్గమున ఇచ్చు పిన్నొకటి యుండవలెనని ఈ పరీక్ష నియమము. బ్యాటరీ కనెక్టరు పిన్నులు పాసివ్ జాతివి. కావున నిజముగా విద్యుత్తు వచ్చుచున్నను, ఇచ్చునది లేదని పరీక్ష తప్పు చూపును. అప్పుడు ఆ మార్గమునకొకటి, గ్రౌండునకొకటి పవర్ ఫ్లాగులను తగిలింపవలెను. ఇది బోర్డుపైకి వచ్చు వస్తువు కాదు. ఇచట విద్యుత్తు బయటినుండి వచ్చుచున్నదని మనమిచ్చు హామీ మాత్రమే. 7805 రెగ్యులేటరునుండి 5 వోల్టులు వచ్చుచున్నచో, దాని అవుట్‌పుట్ పిన్ను పవర్ అవుట్‌పుట్ జాతిదే యగుటచే ఆ మార్గమునకు ఫ్లాగు అక్కఱలేదు.

హామీ యిచ్చువాడు నిజమెఱిగి యీయవలెను. తప్పు గుర్తులు పోయిన చాలునని కనబడిన చోటనెల్ల ఫ్లాగులు తగిలించినచో పరీక్ష నోరు మూసికొనును గాని ఐ.సి.కి విద్యుత్తు రాదు. సీమాస్ జాతి ఐ.సి.లలో నింకొక చిక్కు కలదు. పవర్ పిన్నును కలుపకున్నను, ఇన్‌పుట్ పిన్నునకు వచ్చు సంకేతమునుండి లోపలి రక్షక డయోడు గుండ కొంత విద్యుత్తు చేరి, ఆ ఐ.సి. పని చేయుచున్నట్లే యొక్కొక్కప్పుడు తోచును. అట్టి బోర్డు ఇంటివద్ద వెలిగి ప్రదర్శనము నాడు ఆరిపోవచ్చును. కారణమును వెదకుటయు మిక్కిలి కష్టము.

కావున, విద్యార్థులారా, బోర్డునకు ఆర్డరు పంపుటకు మునుపు మూడు పనులు చేయుడు. ప్రతి ఐ.సి. డేటాషీటును తెఱచి పవర్ పిన్నుల సంఖ్యలను, వోల్టుల హద్దును సరిచూడుడు. విద్యుత్ మార్గముల పేర్లు అన్నిచోట్ల నొక్కటే యగునో కాదో పరికింపుడు. ఈఆర్సీ చూపిన ప్రతి తప్పునకును కారణము తెలిసికొనిన పిమ్మటనే దానిని దిద్దుడు. తెఱపై నున్నంతవఱకు ఈ దిద్దుబాటుకు కొన్ని నిమిషములు చాలును. రాగిపైకి ఎక్కిన పిదప అదే తప్పునకు క్రొత్త బోర్డు కావలెను. దాని వెల మీ తల్లిదండ్రులు శ్రమించి యార్జించిన సొమ్ము.