నీటిరంగుల నేర్పరి

చిత్రకారులు వాడు రంగులలో తైలవర్ణములు, నీటిరంగులు అను రెండు ముఖ్యమైన తెగలు గలవు. తైలవర్ణములతో చిత్రించువాడు పొరపాటు చేసినచో దానిని గీకివేసి, మరియొక పూత పూసి సరిదిద్దుకొనవచ్చును. నీటిరంగులలో ఆ వీలు మిక్కిలి తక్కువ. తుమ్మబంకతో కలిపి నూరిన ఈ రంగులు నీటిలో కలిసి, కాగితముపై పలుచని తెరవలె పరచుకొనును. వెలుతురు ఆ తెరగుండ పోయి, క్రిందనున్న తెల్లని కాగితమును తాకి, మరల మన కన్నులను చేరును. అందుచేతనే మంచి నీటిరంగుల చిత్రము లోపల దీపము పెట్టినట్లు వెలుగుచుండును. పూతలు పెరిగినకొలది ఆ వెలుగు మాసిపోవును.

కావున కొద్దిపాటి పూతలతో, తడి ఆరకముందే, కుంచెను స్వేచ్ఛగా నడిపి చిత్రించు పద్ధతి యొకటి ఏర్పడినది. చూచువారికి అది తోచినట్లు చల్లిన రంగువలె కనబడును. కాని ఆ స్వేచ్ఛ వెనుక ఎంతటి కృషి దాగియుండునో అమెరికా దేశపు చిత్రకారుడు విన్‌స్లో హోమర్ జీవితమువలన తెలియును.

హోమర్ 1836వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన బోస్టన్ నగరమున జన్మించెను. అతని తల్లి హెన్రియెట్టా నీటిరంగులతో చిత్రించుటలో నేర్పు గలది. బాలుడు కుంచె పట్టుటను మొదట ఆమెయొద్దనే నేర్చెను. పందొమ్మిదవ యేట అతడు ఆ నగరమందలి యొక శిలాముద్రణాలయమున పనికి కుదిరెను. పాటల పుస్తకముల అట్టలకు బొమ్మలు గీయుట, ఇతరుల చిత్రములకు నకళ్లు తీయుట అచ్చటి పని. ఉదయము మొదలు సాయంకాలము వరకు రాతిపై వంగి యుండవలెను. ఆ చాకిరి అతనికి దుర్భరమయ్యెను. 1857లో ఇరువది యొక సంవత్సరములు నిండిన దినముననే అతడు ఆ కొలువు విడిచెను. ఇక మీదట ఎవరి క్రిందను పని చేయరాదని నిశ్చయించుకొని, ఆ నిశ్చయమును తుదివరకు నిలుపుకొనెను.

పిమ్మట అతడు పత్రికలకు బొమ్మలు గీసి జీవించెను. 1859లో న్యూయార్క్ నగరమునకు పోయి, కొంతకాలము రాత్రి తరగతులలో రేఖాచిత్రణము అభ్యసించెను. ఒక చిత్రకారునియొద్ద తైలవర్ణములను గూర్చి కొద్ది పాఠములు మాత్రము చెప్పించుకొనెను. అతడు ఇతరులయొద్ద నేర్చిన విద్య ఇంతియే. 1860లో అన్న చార్లెస్ అతనికొక గ్రంథము బహూకరించెను. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్ రచించిన ఆ గ్రంథము, ప్రక్కప్రక్కనున్న రంగులు ఒకదాని కాంతిని మరియొకటి ఎట్లు మార్చునో వివరించును. నారింజరంగు చెంతనున్న నీలము మరింత నీలముగా కనబడును. హోమర్ ఆ గ్రంథమును జీవితాంతము ప్రమాణముగా భావించెను.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. ‘హార్పర్స్ వీక్లీ’ అను వారపత్రిక పక్షమున హోమర్ సైనికుల శిబిరములకు పోయి, అచ్చటి జీవితమును చిత్రించెను. ఆ కాలమున పత్రికలలోని బొమ్మలను కొయ్యదిమ్మెలపై చెక్కి అచ్చువేయుచుండిరి. అట్టి బొమ్మలో నలుపెక్కడ, తెలుపెక్కడ అను విషయమును గీయువాడు ముందుగనే తేల్చుకొనవలెను. ఏది విడిచిపెట్టవలెనో తెలియనివాడు ఆ పనికి పనికిరాడు. ఇరువది సంవత్సరములకు దగ్గరగా చేసిన ఈ అభ్యాసము తరువాత నీటిరంగులలో అతనికి ఎంతయో తోడ్పడెను.

1873 వేసవిలో అతడు గ్లౌసెస్టర్ అను సముద్రతీర పట్టణమునకు పోయి, నీటిరంగులను మొదటిసారిగా తీవ్రముగా చేపట్టెను. అప్పుడతని వయస్సు ముప్పదియేడు సంవత్సరములు. పడవలలో కూర్చున్న బాలురను, ఇసుకలో ఆడుకొను పిల్లలను, నీటిపై మెరయు ఎండను అతడు చిత్రించెను. ఆ చిత్రములను ప్రదర్శించినపుడు కొందరు మెచ్చుకొనిరి. మరికొందరు విమర్శకులు అవి పూర్తికాని బొమ్మలనియు, చిత్తుప్రతులవంటి వనియు ఆక్షేపించిరి. ప్రతి ఆకును, ప్రతి రాతిని సన్నని కుంచెతో దిద్దుటయే నేర్పని వారి తలంపు.

హోమర్ వారితో వాదమునకు దిగలేదు. 1875లో పత్రికలకు బొమ్మలు గీయుటను మానివేసి, నిలుకడగా వచ్చు ఆదాయమును వదలుకొనెను. కొనువారు కలరో లేరో తెలియని చిత్రములనే నమ్ముకొని బ్రతుకుట నాడు సాహసమే. అయినను అతడు వెనుదీయలేదు. 1880 వేసవిలో గ్లౌసెస్టర్ రేవులోని చిన్నదీవిలో దీపస్తంభమును కాచువాని కుటుంబముతో నివసించుచు, ఆ యొక్క వేసవిలోనే నూరింటికి దగ్గరగా నీటిరంగుల చిత్రములను రచించెను. వానిలోని సంధ్యాకాలపు చిత్రములలో తడికాగితముపై రంగు రంగుతో కలిసి పారుటను చూడవచ్చును.

అంతటితో తృప్తి చెందక, 1881లో ఇంగ్లండునకు పోయి, ఉత్తర సముద్రతీరమున కలర్‌కోట్స్ అను బెస్తవారి గ్రామమున సుమారు ఇరువది నెలలు గడిపెను. తుఫానులో చిక్కిన పడవలను, భర్తల రాకకై ఒడ్డున ఎదురుచూచు స్త్రీలను శ్రద్ధగా పరిశీలించి చిత్రించెను. 1882లో స్వదేశమునకు మరలి, 1883లో మెయిన్ రాష్ట్రములోని ప్రౌట్స్‌నెక్ అను సముద్రతీరమున స్థిరపడెను. అచ్చటినుండి బహామా దీవులకును, అడిరాండాక్ పర్వతారణ్యములకును పలుమారులు పోయి వచ్చుచుండెను. అతని కుంచెకు మిక్కిలి స్వేచ్ఛ సిద్ధించినది ఆ ప్రయాణములలోనే.

అతని పద్ధతి ఇట్టిది. మొదట దృశ్యమును చక్కగా పరిశీలించి, పెన్సిలుతో తేలికగా హద్దులు గుర్తించును. తెలుపు కావలసినచోట రంగు తాకనీయక కాగితమునే విడిచిపెట్టును. ఎండ తగిలిన తెల్లగోడ, తెరచాప, నురుగు అట్లు విడిచిన కాగితమే. ఆకాశమును, నీటిని పెద్ద కుంచెతో ధారాళముగా పరచును. అంచు మెత్తగా ఉండవలెనన్నచో తడి ఆరకముందే రెండవ రంగు తాకించును. స్పష్టముగా ఉండవలెనన్నచో మొదటి పూత ఆరువరకు ఓర్పుతో వేచియుండును. వెలుగు మరల కావలసినచో ఆరిన రంగును నీటితో తడిపి అద్దుడు కాగితముతో తీయును. అలలపై మెరుపుకొరకు కత్తిమొనతో కాగితమును గీకి అడుగు తెలుపును బయల్పరచును. ఏ క్షణమున కుంచె మోపవలెనో, ఏ క్షణమున ఎత్తవలెనో ఎరుగుటయే ఇందలి కష్టము. తడి ఎవరికొరకును ఆగదు.

1892లో చిత్రించిన ‘నీలిపడవ’ ఇందుకు మంచి నిదర్శనము. అడవిలోని నీటిపాయపై నీలిరంగు పడవలో ఇద్దరు మనుష్యులు కూర్చుండియుందురు. చుట్టును గడ్డి, వెనుక చెట్లు, పైన మేఘములు. దగ్గరకు పోయి చూచినచో గడ్డి కొన్ని కుంచెగీతలు, మేఘము కొన్ని తడిమరకలు మాత్రమే. రెండడుగులు వెనుకకు జరిగినచో అడవిలోని చల్లగాలి తగిలినట్లుండును. ఈ చిత్రముతో పని నెరవేరునను అర్థమిచ్చు మాటను హోమర్ దానిమీదనే వ్రాసెను. మితముగా మాటలాడు అతడు తన పనిని మెచ్చుకొన్న తీరు ఇట్టిది.

అతని చిత్రములకు కాలము కొంత హాని చేయకపోలేదు. 1887 నాటి యొక చిత్రములో ఆకాశము నేడు వెలవెలబోయి కనబడును. షికాగో కళాప్రదర్శనశాలలోని నిపుణులు దానిని పరీక్షించి, అచ్చట ఒకప్పుడు సంధ్యారాగపు ఎరుపురంగు ఉండెననియు, అది వెలుతురునకు వెలిసిపోయెననియు కనుగొనిరి. చేతి నేర్పెంత గొప్పదైనను రంగుల గుణమును కూడ ఎరుగవలెనని దీనివలన తెలియుచున్నది. ఇప్పుడు అట్టి చిత్రములను ఎక్కువ వెలుతురు సోకకుండ భద్రపరచుచున్నారు.

హోమర్ 1910వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన కన్నుమూసెను. అతడు రచించిన నీటిరంగుల చిత్రములు ఏడు వందలకు దగ్గరగా నున్నవి. తాను భవిష్యత్తులో వానివలననే జీవించియుందునని అతడు చెప్పినట్లు ప్రసిద్ధి. ఆ సంవత్సరమే న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల అతని నీటిరంగుల చిత్రములను పండ్రెండింటిని కొనెను. ఒకనాడు పూర్తికాని బొమ్మలని కొందరు తేలికచేసిన ఆ చిత్రణరీతి ఇట్లు గౌరవస్థానము నందెను.

గురువు లేనివాడు కష్టపడనక్కరలేదని కొందరు తలంతురు. తనకు తానే గురువైనవాడు తన తప్పులను తానే దిద్దుకొనవలెను గనుక రెట్టింపు కష్టపడవలసియుండును. హోమర్ రాతిపై వంగి గీసిన గీతలు, శిబిరములలో వేసిన బొమ్మలు, బెస్తపల్లెలో చలిగాలికి ఓర్చి చేసిన పరిశీలనలు అన్నియు కలిసి ఆ నీలిపడవ క్రింది నీటిని ఒక్క పూతలో తేల్చగల చేతిని అతనికి ఇచ్చినవి. ఆ పూతకు పట్టిన కాలము కొన్ని నిమిషములు. దానికొరకు చేసిన సాధన ముప్పదియైదు సంవత్సరములు.