కరివేపాకు మొక్క మీద పురుగు – యూకేజీలో మూడు వారాల ప్రాజెక్ట్



గత పీటీఎంలో ఒక నాన్నగారు తమ బాబు నోట్‌బుక్ తిప్పి చూపిస్తూ అడిగారు: "మేడమ్, మూడు వారాల్లో ఐదు పేజీలే రాశాడు. ఇంట్లో అడిగితే పురుగును చూస్తున్నాం అంటాడు. ఫీజు కట్టేది దీనికేనా?" ప్రశ్నలో తప్పేమీ లేదు. వెనక ఇంకా పదిమంది పేరెంట్స్ నిలబడి ఉండటంతో ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ప్లే ఏరియా పక్కన కుండీలో ఉన్న కరివేపాకు మొక్క మీద పిల్లలకు పిట్ట రెట్టలాంటిది కనిపించింది. కాసేపటికి అది కదిలింది! ఇక ఆ రోజు రైమ్స్ క్లాస్ జరగలేదు. వెతికితే అలాంటివి మొత్తం మూడు దొరికాయి. అవి నిమ్మ సీతాకోకచిలుక పురుగులు. నిమ్మ, నారింజ, కరివేపాకు ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. ఈ సీతాకోకచిలుక వాటి లేత ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పిట్టలు రెట్ట అనుకుని వదిలేస్తాయని చిన్నప్పుడు పురుగుకు ఆ వేషం. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. కదిలిస్తే తల వెనక నుంచి కొమ్ముల్లాంటివి చాపి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలకు అన్నిటికంటే నచ్చింది ఇదే. వాసన చూడటానికి లైన్ కట్టారు.

మూడింటినీ దోమతెర కట్టిన అట్టపెట్టెలో పెట్టి, రోజూ తాజా రెమ్మ వేశాం. నిన్న ఎన్ని ఆకులు వేశాం, ఇవాళ ఎన్ని మిగిలాయి అన్నదే మా లెక్కల క్లాస్. రోజుకో చింతపిక్క సీసాలో వేసి రోజులు లెక్కపెట్టారు. పురుగు పొడవును దారంతో కొలిచి, ఆ దారపు ముక్కలను చార్టు మీద వరుసగా అంటించారు. ఒక్కో ముక్క పెరుగుతూ పోతుంటే 'లాంగ్, లాంగర్, లాంగెస్ట్' నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది. ఐదేళ్ల పిల్లలకు ఇంగ్లీష్ మాటలు ఇలా వచ్చినంత బాగా వర్క్‌షీట్ నుంచి రావడం నేనైతే చూడలేదు.

మూడూ ప్యూపాలయ్యాయి. అసలు విషయం ఇక్కడి నుంచే. దాదాపు పది రోజులకు ఒక ఉదయం నేను ముందుగా వచ్చి చూస్తే, ఒక ప్యూపాకు సన్నటి రంధ్రం ఉంది. పక్కన చీమంత కందిరీగలు తిరుగుతున్నాయి. కొన్ని రకాల కందిరీగలు ప్యూపాలో గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు లోపల తింటూ పెరుగుతాయి. పిల్లలు ఏడుస్తారని భయపడి దాన్ని తీసి డస్ట్‌బిన్‌లో వేశాను. అడిగితే "ఎగిరిపోయింది" అని చెప్పాను.

ఒక పాప పెట్టె చుట్టూ తిరిగి చూసి, "మిస్, తెర కట్టే ఉంది కదా, ఎలా వెళ్లింది?" అంది. ఇంకో బాబు, "ఖాళీ తొక్క ఏది?" అన్నాడు. సీతాకోకచిలుక వెళ్లాక తొక్క మిగులుతుందని వాళ్లకు చెప్పింది నేనే!

డస్ట్‌బిన్ నుంచి తీసుకొచ్చి చూపించాను, ముందు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఇద్దరు ఏడ్చారు. మిగతావాళ్లు కందిరీగ ఎందుకలా చేసింది, దానికీ ఆకలేనా అని అరగంట మాట్లాడారు. నా బీఈడీ లెసన్ ప్లాన్లలో ఏ ఒక్కటీ ఇంతసేపు నడవలేదు. మిగిలిన రెండూ ఆ వారంలోనే బయటకొచ్చాయి. నలుపు మీద లేత పసుపు మచ్చలు, వెనక రెక్కల దగ్గర ఎర్రటి చుక్క. రెక్కలు ఆరేదాకా ముట్టుకోకుండా కూర్చున్నారు. మన యూకేజీ సెక్షన్ నిశ్శబ్దంగా కూర్చోవడం మీరు ఊహించుకోండి.

ఇది కొత్త ఫ్యాషనేమీ కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1840లో తన బడికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టారు. మన దేశంలో 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ కరికులమ్ కూడా 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆట ద్వారా, చేసి చూడటం ద్వారా నేర్పమంటోంది. అలాగని రాత మానేయం. ఆ ఐదు పేజీల్లో ఒకటి తీసి చూడండి, పురుగు బొమ్మ కింద 'ఐ సా ఎ హోల్' అని ఉంటుంది. స్పెల్లింగ్ తప్పే, కానీ బోర్డు చూసి ఎక్కించిన వాక్యం కాదు.

ఇంట్లో మీరు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. బాల్కనీలో కరివేపాకు, నిమ్మ కుండీ ఉంటే ఈ రెండు నెలలు మందు కొట్టకండి. ఆకులకు రంధ్రాలు కనిపిస్తే పిల్లలను పిలిచి చూపించండి. ఒళ్లంతా వెంట్రుకలున్న గొంగళిపురుగులను మాత్రం ముట్టుకోనివ్వకండి, దురద, దద్దుర్లు వస్తాయి. పిల్లలు అడిగినదానికి జవాబు తెలియకపోతే "రేపు మిస్‌ని అడుగుదాం" అనండి. వచ్చే నెల ప్రాజెక్ట్ విత్తనాలు. వంటింట్లో ఉన్నవాటిలో పప్పు చేయనివి, అంటే పొట్టు తీయనివి, ఏవైనా నాలుగు రకాలు చిన్న కవర్లో పేరు రాసి సోమవారం పంపండి.