నాలుగో శీలం, మన చేతిలోని ఫోను



పోయిన వర్షావాసంలో ఒక ఆదివారం తిరుపతిలో ఒకరింట్లో వందనకు కూర్చున్నాం. త్రిశరణ, పంచశీల అయిపోయినాయి. అబద్ధమాడను అనే నాలుగో శీలాన్ని అందరం గట్టిగానే పలికినాం. పది నిమిషాలు కూడా కాలేదు, ఒక తమ్ముడు ఫోను తీసి, "అన్నా, అయేషా మీరాను చంపిందెవరో ఈ వీడియోలో మొత్తం తేల్చేసినాడు చూడన్నా" అన్నాడు. అరగంట వీడియో. ఫొటోల చుట్టూ ఎర్ర గీతలు, బాణం గుర్తులు, భయపెట్టే మ్యూజిక్, చివర్లో ఒక పేరు. అందరం చూసినాం. నేను చూసి ఊరుకోలేదు, ఇద్దరికి పంపినాను కూడా. ఆ పేరు నిజమో కాదో నాకు తెలీదు. తెలీకుండానే పంపినాను.

కేసు సంగతి చిన్నపిల్లలకు తెలీకపోవచ్చు. 2007 డిసెంబర్ 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో, లేడీస్ హాస్టల్లో ఉండి బి.ఫార్మసీ చదువుకుంటున్న తెనాలి అమ్మాయి అయేషా మీరా హత్యకు గురైంది. అప్పటికి మన చేతుల్లో వాట్సాప్ లేదు. అయినా టీ అంగళ్ళ దగ్గర, టీవీల్లో, బస్సుల్లో ఎవరికి వాళ్ళే దర్యాప్తు అధికారులైపోయినారు. 2008 ఆగస్టులో పోలీసులు సత్యంబాబు అనే దళిత యువకుణ్ణి అరెస్టు చేసి, ఇతనే హంతకుడన్నారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. జైల్లో నరాల జబ్బు వచ్చి నడవలేని స్థితికి చేరినాడు. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయలు పరిహారం ఇవ్వమంది. ఎనిమిదేళ్ళకు పైగా పోయిన వయసుకు లక్ష రూపాయలు! 2018లో కేసును సీబీఐకి ఇచ్చినారు. 2019 డిసెంబర్లో తెనాలిలో సమాధి తవ్వి మళ్ళీ పరీక్షలు చేసినారు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఆ అమ్మాయి తల్లిదండ్రుల దగ్గరుంది. హంతకుడు దొరకాలని వాళ్ళకంటే ఎక్కువ ఎవరికుంటుంది? అయినా పోలీసులు సత్యంబాబును చూపించినప్పుడు, ఇతను కాదని వాళ్ళే అన్నారు. చేతికి అందించిన జవాబును తీసుకోలేదు. వదంతి విని నమ్మొద్దు, పదిమందీ అంటున్నారని నమ్మొద్దు అని కేసపుత్త గ్రామంలో కాలాములకు బుద్ధుడు చెప్పిన మాటను మనం సభల్లో చెప్తాం. ఆ తల్లిదండ్రులు చేసి చూపించినారు.

ఇప్పుడు సుందరి కథ చూద్దాం. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ కథను చేర్చినారు. బుద్ధుడికి పెరుగుతున్న పేరు చూసి ఓర్వలేని తీర్థికులు కొందరు, సుందరి అనే పరివ్రాజికను సాయంత్రాలు జేతవనం వైపు పోతున్నట్టు పదిమందికీ కనబడమన్నారు. కొన్నాళ్ళకు డబ్బిచ్చి ఆమెను చంపించి, శవాన్ని జేతవనంలోనే పారేయించినారు. తర్వాత వాళ్ళే పోయి సుందరి కనబడలేదని ఫిర్యాదు చేసినారు. శవం దొరికింది. ఇక శ్రావస్తి ఊరంతా డిటెక్టివులే. సాయంత్రం అటు పోతుంటే మేం చూసినాం అని ఒకరు, వాళ్ళ తోటలోనే దొరికింది కదా అని ఇంకొకరు. ఒక్కో ముక్క నిజమే, చూసింది నిజం, దొరికింది నిజం. కలిపి కుట్టింది మాత్రం అబద్ధం. భిక్షకు పోయిన భిక్షువులను వీధుల్లో బూతులు తిట్టినారు. ఈ గోల ఏడు రోజులకు మించి ఉండదని బుద్ధుడు భిక్షువులకు ధైర్యం చెప్పినాడు. చివరికి చంపినవాళ్ళే తాగి, కొట్లాడుకుని, రాజభటులకు దొరికిపోయినారు.

ఈ కథ చదివినప్పుడు మనం సహజంగానే భిక్షువుల పక్కన నిలబడతాం. ఫోను పట్టుకున్నప్పుడు మాత్రం శ్రావస్తి జనంలో కలిసిపోతున్నాం. అప్పుడు ఏడు రోజుల్లో అణిగిన గోల ఇప్పుడు ఏళ్ళు గడిచినా అణగదు. ఎవరో ఒకరు పాత వీడియోకు కొత్త బొమ్మ తగిలించి మళ్ళీ వదుల్తారు.

అట్లయితే నోరు మూసుకుని ఉండమంటావా అని ఆ తమ్ముడే అడిగినాడు. అవసరమైన ప్రశ్నే. కారంచేడు, చుండూరు తర్వాత నోరు మూసుకోమని మనకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. దర్యాప్తు ఏమైందని అడుగుదాం, కలెక్టరాఫీసు ముందు కూర్చుందాం, సత్యంబాబును ఇరికించినవాళ్ళ మీద చర్య ఏదని నిలదీద్దాం. అది సమ్యక్ వాక్కే. ఫలానావాడే చంపినాడని సాక్ష్యం లేకుండా పేరు పెట్టడం వేరే పని. సాక్ష్యం లేకుండా పేరు పెట్టే అలవాటు ఊర్లో ముదిరితే, ఆ పేరు ఎవరి వాడలో వెతుకుతారో మనకు చెప్పాల్సిన పనిలేదు. దొంగతనం జరిగితే ముందు ఎవరి ఇళ్ళు సోదా చేస్తారో చిత్తూరు జిల్లాలో పెరిగిన మనకు తెలుసు.

ఆ రాత్రి నేను వీడియో పంపిన ఇద్దరికీ ఫోన్ చేసినాను. తీసేయండి, తెలీకుండా పంపినాను, తప్పు నాదే అని చెప్పినాను. ఒకాయన వెంటనే తీసేసినాడు. రెండో ఆయన నవ్వి, "పొద్దున్నే పదకొండు గ్రూపుల్లో వేసేసినా అన్నా" అన్నాడు.