నీ చెరువు పక్కన పారే కాలవ

ఒంగోలు

చిరంజీవి అబ్బాయికి,

పెద్దనాన్న దీవించి రాసేది.

రొయ్యల చెరువు పోయిన సంగతి కోడలమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నువ్వు చెప్పలేదు. నెల రోజులుగా మందిరానికి కూడా వెళ్ళడం లేదట. ఎందుకమ్మా అంటే కాసేపు ఊరుకుని, సంఘంలో ఓ పెద్దమనిషి నీతో అన్న మాట చెప్పింది. దశమ భాగం ఎగ్గొట్టావు, అందుకే దేవుడు నీ చెరువు మీద చెయ్యి వేశాడన్నాడట. అది విన్నప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఫోన్‌లో నాలుగు మాటలు చెప్పి ఊరుకోలేక కాగితం తీసుకున్నాను.

ముందు ఆ మాట సంగతి తేల్చేద్దాం. నీ వనామి రొయ్యకి వచ్చింది తెల్లమచ్చ రోగం. సీడుతో వస్తుంది, నీళ్ళతో వస్తుంది, గట్టు దాటి వచ్చే పీతతో వస్తుంది. వచ్చిందంటే వారం పది రోజుల్లో చెరువు ఖాళీ. నీ పక్క చెరువాయన కానుక ఏనాడూ తప్పనివాడే, ఆయనదీ పోయింది కదా! పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, వీడు పాపం చేశాడా, వీణ్ణి కన్నవాళ్ళు చేశారా అని శిష్యులు అడిగితే ప్రభువు ఇద్దరూ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, యెరూషలేములో మిగతావాళ్ళ కంటే వాళ్ళు ఎక్కువ పాపులేమీ కారన్నాడు. వెంటనే మారుమనస్సు పొందమని హెచ్చరించాడు, నిజమే. ఆ హెచ్చరిక ఎదురుగా నిలబడి వింటున్న అందరికీ చేశాడు. గోపురం కింద పడ్డవాళ్ళ మీదికి వేలు చూపలేదు. యోబు స్నేహితులు కూడా ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద నోరు మెదపకుండా కూర్చున్నారు. అంతవరకూ మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడగొట్టారు. ఆ పెద్దమనిషిని క్షమించు. ఆ మాటను మాత్రం నీ గుండెలో ఉంచుకోకు.

ప్రార్థన రావడం లేదన్నావట. నాకూ రాలేదు ఒకప్పుడు. మీ పెద్దమ్మకు ఆపరేషన్ అయిన ఏడాది నువ్వు చిన్నవాడివి. పదకొండు రోజులు ఆస్పత్రి వరండాలో ఉన్నాను. ఆదివారం బడిలో ఎంతమంది పిల్లలకో ప్రార్థన నేర్పినవాణ్ణి, కళ్ళు మూసుకుంటే ప్రభువా అన్న మాట తర్వాత ఇంకో మాట వచ్చేది కాదు. పక్క మంచం రోగికి రోజూ మధ్యాహ్నం ఒకావిడ మూడు గిన్నెల కారియర్ తెచ్చేది. మన మతం మనిషి కాదు. మూడో రోజు నుంచి పైగిన్నె నా వైపు జరపడం మొదలుపెట్టింది. పెరుగన్నం, ఓ అంచున నిమ్మకాయ బద్ద. "తినండి మాస్టారూ, మీరు పడిపోతే ఆమెను ఎవరు చూస్తారు?" అంది. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవదూత ఆయనకు ప్రసంగం చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్ళు పెట్టి, లేచి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ తట్టి లేపి తినమన్నాడు. ఎన్నోసార్లు పాఠంగా చెప్పిన ఆ అధ్యాయం ఆ వరండాలో, ఆ గిన్నె ముందు కూర్చున్న రోజున గానీ నాకు అర్థం కాలేదు. అమ్మాయి పెట్టిన కంచం ముందు నుంచి లేచిపోతున్నావట. ఆ పని చెయ్యకు నాయనా. దేవుడు పంపింది ఆ కంచమే కావచ్చు.

నీ చెరువు గట్టు మీద నిలబడితే బకింగ్‌హాం కాలవ కనిపిస్తుంది కదా, దాని కథ నీకు పూర్తిగా ఎవరూ చెప్పినట్టు లేదు. 1876లో మొదలైన ఆ పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు ఈ కాలవ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకున్నారు. బోధకుడికి కాలవ కాంట్రాక్టెందుకు? ఆకలికి పడిపోతున్న పల్లెల జనానికి ఇంత కూలి దొరకడానికి. మన పెద్దల్లో ఒకరు ఆ మట్టి తట్టలు మోశారని మా నాయనమ్మ చెప్పేది. కరువు పనులు సాగినంత కాలం, జనం అడిగినా దొరగారు బాప్తిస్మం ఇవ్వలేదు, అన్నం కోసం కలిశారన్న మాట రాకూడదని. సాయం పంచడం ఆగిపోయాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ నీళ్ళలో దిగినవాళ్ళలో కరువు చూడనివాళ్ళు ఎవరూ లేరు. దేవుడు తమను ఆకలి పడనివ్వలేదని వాళ్ళు సాక్ష్యం చెప్పగలరా? అయినా ఆయన కనికరాన్ని నమ్మారు. ఆ కనికరం వాళ్ళకు పలుగూ పారా రూపంలో, సాయంత్రానికి చేతిలో పడే కూలి రూపంలో ఎదురొచ్చింది.

అదీ వెంటనే రాలేదు. ఇక్కడ మా మేడ మీదికి ఎక్కితే ప్రార్థన కొండ కనిపిస్తుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీలు జూయెట్ దంపతులు, మరో ముగ్గురు విశ్వాసులు ఆ కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. క్లౌ ఒంగోలు చేరింది 1866లో. పన్నెండేళ్ళు!

మందిరంలో అందరూ స్తుతులు పాడుతుంటే నీకు ఏడుపొస్తుందని సిగ్గుపడుతున్నావేమో. విలాపవాక్యములు తీసి ఒక్క బిగిన అయిదు అధ్యాయాలూ చదువు. దేవుని వాత్సల్యత తెల్లవారేసరికి మళ్ళీ కొత్తగా ఉంటుందన్న మాట మనం గోడల మీద రాసుకుంటాం. ఆ మాట పుస్తకం చివర లేదు, నడిమధ్యలో ఉంది. దాని తర్వాత మళ్ళీ ఏడుపే, ఆఖరి వచనం దాకా. 88వ కీర్తనైతే చీకట్లోనే ఆగిపోతుంది. వాటిని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. నీ ఏడుపుకీ మందిరంలో చోటుంది. పాట రాకపోతే వెనక బెంచీలో ఊరికే కూర్చో.

ఇక డబ్బు సంగతి. మేత బాకీ తీర్చడానికి నెలవారీ వడ్డీకి తేవద్దు. ఫలానాది జరిగితే ఇంత ఇస్తానని దేవుడికి మొక్కుబడులు చెయ్యకు, ఆయన నీతో బేరానికి కూర్చోలేదు. చెరువు ఎండబెట్టు, తొందరపడి సీడు వెయ్యకు. ఎంత బాకీ ఉందో అమ్మాయికి పూర్తిగా చెప్పు, సగం దాచకు. రాత్రిపూట గట్టు మీద ఒంటరిగా కూర్చోకు. మనసు మరీ చీకటైపోతే ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్యి. నా నిద్ర గురించి ఆలోచించకు.

శుక్రవారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాను. మేత డీలరు బిల్లులు, లీజు కాగితం, బ్యాంకు పాస్‌బుక్ తీసి బల్ల మీద పెట్టు. ఇద్దరం కూర్చుని చూద్దాం. పెద్దమ్మ పెరుగన్నం కారియర్ కట్టి ఇస్తానంది.

నీ పెద్దనాన్న