డబ్బా గేటు పక్కనే పెట్టు చెల్లీ

రాత్రి పడుకోబోయే ముందే చెత్త డబ్బా వీధిలో పెట్టేస్తున్నావా చెల్లీ? ఏళ్ల తరబడి నేనూ అదే చేశాను. పొద్దున్నే వంట, పిల్లల క్యారేజీలు, కుళాయి నీళ్లు అన్నీ ఒక్కసారే మీద పడతాయి కదా! ఓ వానాకాలం రాత్రి, కాలువ పలక మీద పెట్టిన డబ్బాని కుక్కలు దొర్లించేశాయి. తెల్లారి చూస్తే అరటి తొక్కలు, పాల ప్యాకెట్లు, పాప డైపరు వాన నీళ్లలో బారులు తీరి పోతున్నాయి. మన విశాఖలో కాలువ పోయి గెడ్డలో కలుస్తుంది, గెడ్డ పోయి సముద్రంలో కలుస్తుంది. మా ఇంటి డైపరు ఎక్కడికి చేరిందో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు మా డబ్బా రాత్రంతా గేటు లోపలే ఉంటుంది. చెత్త బండి వచ్చే వేళకి మూతపెట్టి, గేటుకి ఆనించి బయట పెడతాను. కాలువ పలక మీద వద్దు, స్కూటర్లు తిరిగే దారిలో వద్దు, పక్కవాళ్ల గోడవార అసలే వద్దు. బండి వెళ్లగానే లోపలికి తెచ్చేసుకోవాలి.

తడి, పొడి, ప్రమాదకరమైనవి విడివిడిగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. 2021 అక్టోబర్ 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం మొదలైనప్పుడు తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, మూడోదానికి ఎరుపు అన్నారు. రంగు డబ్బాలు లేకపోతే పాత బకెట్లు చాలు, కలపకుండా ఉంటే అదే పదివేలు. కాపులుప్పాడ చెత్త యార్డు దగ్గర చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఉంది. తడి కలిస్తే మంట నిలవదు. పచ్చి కట్టెలతో పొయ్యి ఊదినవాళ్లకి ఆ సంగతి నేను చెప్పాలా?

అన్నిటికన్నా నన్ను మార్చింది మాత్రం ఒక చెయ్యి. మా వీధికి వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు ఓ రోజు చేతికి చీర పీలిక చుట్టుకుని కనిపించింది. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, విప్పి చూశాను. బొటనవేలి కింద అడ్డంగా కోత, దాని చుట్టూ కూర పసుపు మరక. ఎవరో ముడేసి పడేసిన కవరు విప్పుతుంటే గాజు పెంకు దిగిందట. "గ్లౌజులు తడికి జారిపోతాయమ్మా" అంది. 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో విశాఖ దేశంలో మూడోదైతే మనమంతా పొంగిపోయాం. ఆ పేరు ఇలాంటి చేతులు తెచ్చిందే!

ఆనాటి నుంచి పగిలిన గాజుని పాత పేపర్లో నాలుగు మడతలు చుట్టి, పైన ఎర్ర స్కెచ్‌తో 'గాజు' అని రాసి, విడిగా చేతికే ఇస్తున్నాను. ప్యాడ్లూ డైపర్లూ కూడా అంతే, పేపర్లో చుట్టి ఎర్ర గుర్తు పెడతాను. సిగ్గెందుకు చెల్లీ? విప్పి చూడాల్సిన పని ఆమెకి తప్పుతుంది.

బండి ఎక్కలేని కొండవాలు ఇళ్లలో ఉన్న అక్కచెల్లెళ్లకి ఈ గేటు లెక్క కుదరదని తెలుసు. అన్ని మెట్లు దిగి డబ్బా మోసుకురావడం అంటే మాటలా! మెట్ల మొదట్లో ఎవరు ఎప్పుడు తెచ్చి ఇస్తున్నారు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల డబ్బా ఎవరు దింపుతున్నారు, మీలో మీరు ఎలా సర్దుకున్నారో నాకు రాయండి. వచ్చే నెల ఆ ముచ్చట్లే చెప్పుకుందాం.