మరమనిషి బొమ్మకు రంగులు వేయుట

చూచువారి కన్ను బొమ్మమీది రంగునే చూచును. ఆ రంగు నిలుచుటయో రాలుటయో దానికి ముందు జరిగిన పనినిబట్టి యుండును. ప్లాస్టిక్ మరమనుషుల బొమ్మలకు రంగులు వేయ నేర్చుకొనుచు మేము కష్టముమీద తెలిసికొన్న సంగతి యిదియే.

జపాను దేశమున బాండాయ్ సంస్థవారు 1980 జూలైలో గండమ్ అను మరమనిషి బొమ్మలను అమ్మ నారంభించిరి. కథలో ఆ మరమనిషి యెత్తు 18 మీటర్లు. చిన్నబొమ్మ అందులో 144వ వంతు, అనగా సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. భాగములన్నియు ప్లాస్టిక్ చట్రమునకు అంటుకొని వచ్చును. వానిని కోసి, కూర్చి, రంగు వేయుట మన వంతు.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. విజయవాడకు చేరువనున్న కొండపల్లిలో బొమ్మలు చేయువారు తెల్లపొణికి కఱ్ఱను వేడిచేసి తేమను తీసివేయుదురు. అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిలో ఱంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. పిదప సుద్ద పూసి, అది ఆరినగాని రంగుకుంచె పట్టరు. ప్లాస్టిక్ బొమ్మకును క్రమము దాదాపు ఇదియే.

మొదట భాగమును చట్రమునుండి కొంచెము దూరముగా కోసి, మిగిలిన మొటిమను రెండవమారు కోసి, సన్నని గరుకుకాగితముతో రుద్దవలెను. అచ్చునుండి అంటివచ్చు జిడ్డు పోవునట్లు సబ్బునీట కడిగి ఆరబెట్టవలెను. సుద్దకు బదులు ప్రైమరు అను అడుగుపూతను పలుచగా వేయవలెను. రంగును ఒక్కమారు దట్టముగా గాక, ఆరనిచ్చుచు రెండు మూడు పలుచని పూతలుగా వేయవలెను. కీళ్లలో ఒకదానినొకటి ఒరయు చోట్ల రంగు వేయరాదు. గాళ్లలో నల్లరంగు నించి, పైకి వచ్చినదానిని తుడిచివేసినచో ప్రతి పలకయు స్పష్టముగా కనబడును. రంగు పలుచన చేయు ద్రవమునకు నిప్పు త్వరగా అంటును. కావున కిటికీలు తెరచి, దీపమునకు దూరముగా పని చేయవలెను.

ఇవన్నియు మాకు ముందే తెలియును. అయినను ఒక శ్రావణమాసమున ప్రదర్శనదినము సమీపించెనని తొందరపడితిమి. చిన్నతరగతి బాలుడొకడు పలునాళ్లు కూడబెట్టిన సొమ్ముతో కొనిన బొమ్మను మాకు అప్పగించెను. దానిని కడుగకయే, అడుగుపూత లేకయే, వర్షము కురియుచుండగా రంగు వేసితిమి. మన గోదావరి మండలపు వానకాలపు గాలిలో తేమ మెండు. పైపూత పాలిపోయి తెల్లబడెను. మోచేయి వంచగనే రంగు పెచ్చులుగా ఊడెను. ఆ బాలుడు మమ్మేమియు అనలేదు. బొమ్మను జేబురుమాలులో చుట్టుకొని వెడలిపోయెను. అతడు కోపించియుండిన మాకు సులువుగా నుండెడిది.

కార్తికమున ఎండ కాసిన దినములు చూచి, ఆ బొమ్మను మరల అడిగి తెచ్చుకొంటిమి. పాతరంగును రుద్ది తీసి, కడిగి, అడుగుపూతనుండి యంతయు మరల చేసితిమి. మూడుదినముల పని పదునైదు దినములు పట్టెను. బాలుడు వచ్చి, మొదట రంగును చూడలేదు. మోచేతిని పదిమారులు వంచి చూచెను. పిదప నవ్వెను.

చిన్నతరగతుల సోదరులారా, మీరు రంగుబుడ్డి మూత తీయుటకు ముందు ఆ మోచేతిని తలచుకొనుడు.