వాడరేవు వంటయిల్లు: శాకపాకము, పుట్టగొడుగు

ఓడలు నిలుచు రేవు కావున ఆ ఊరికి వాడరేవు అని పేరు. చీరాల పట్టణమునకు ఆరేడు కిలోమీటర్ల దూరమున, బంగాళాఖాతపు ఒడ్డున కలదు. ఈ సీమ మొదట గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడగా అందు చేరినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టిరి. 2022 నుండి ఇది బాపట్ల జిల్లాలోనిది. ఉదయమున పడవలు ఒడ్డుకు చేరువేళ అచ్చటి ఇసుక మీద చేపలు, రొయ్యలు రాసులు పడియుండును. ఆ గాలి వీచు మేరలోనే, చీరాల ప్రాంతపు వీరశైవ గృహములలో పొయ్యి మీద దొండకాయయో, తోటకూరయో ఉడుకుచుండును. ఇది ఒకరినొకరు తప్పుపట్టుకొనవలసిన విషయము కాదు. కల్యాణ శరణులలో అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. నీటి మీద బ్రతుకువాని కాయకమును శరణులు ఎన్నడును చులకన చేయలేదు. మన వంటయింటి నియమము మన యింటికి.

అయితే ఇటీవల ఆ నియమమునకే ఒక చిక్కు వచ్చినది. పట్టణములలో చదివివచ్చిన కోడండ్రు, కుమార్తెలు అంగడినుండి పుట్టగొడుగులు తెచ్చుచున్నారు. అత్తగారు, అమ్మమ్మగారు వాటిని గడప దాటనీయకున్నారు. చూచుటకు మాంసఖండమువలె ఉన్నదనియు, పుట్టమీద మొలచినదనియు, లింగార్పితమునకు తగదనియు పెద్దల మాట. ఇది కూరగాయయే కదా, ఇందు జీవహింస ఏమున్నదని పిన్నల మాట. ఒక్క కూర కొరకు ఇంటిలో రెండు పొయ్యిలు వెలుగుట ఎవ్వరికిని మంచిది కాదు. కావున విషయమును మొదటినుండి విచారింపవలసియున్నది.

నేల యిచ్చునది

తీరమున ఉన్నది ఇసుకనేల. సరుగుడు తోటలు, తాటిచెట్లు, కొబ్బరి, జీడిమామిడి, వేరుసెనగ దానికి ఒప్పినవి. పశ్చిమముగా లోనికి పోయినకొలది నల్లరేగడి వచ్చును. అది ప్రత్తికి, మిరపకు పుట్టినిల్లు. ఈ రెండు నేలల నడుమ కాపురముండు గృహిణికి కూరగాయల కరవు లేదు. వంగ, బెండ, బీర, సొర, పొట్ల, దోస, చిక్కుడు, గోరుచిక్కుడు, మునగ, కంద, కూర అరటి సంతకు వచ్చును. గోంగూర సంగతి చెప్పనేల! పిలువకుండగనే మొలచు గంగపాయలి ఇసుకనేలలో ఉచితముగా లభించును. దానిని పెసరపప్పుతో వండిన పుల్లగా, కమ్మగా ఉండును. నేటి యువతులు దానిని కలుపు మొక్క యని పెరికి పారవేయుచున్నారు. చింతచిగురు వచ్చు దినములలో వేరొక పులుపు అవసరమే లేదు.

గుంటూరు మిరప లేని వంట మనకు వంటవలె తోచదు. కాని మిరప అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో పదునారవ శతాబ్దమున వచ్చినది. టమాటా, బంగాళదుంప అంతకు తరువాత వాడుకలోనికి వచ్చినవి. పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుని మహామనెలో వండిన కూరలో గాని, ఈ తీరపు చందవోలుతో చరిత్ర ముడిపడిన మల్లికార్జున పండితారాధ్యుని విస్తరిలో గాని మిరపకాయ లేదు. కారమునకు మిరియములే. పూర్వులు తినలేదు కావున తగదు అన్న సూత్రమును నిజముగా పాటింపదలచినచో, మొదట మన ఊరగాయ జాడీలను ఖాళీ చేయవలసివచ్చును!

మరి దేనిని ప్రమాణముగా గ్రహింపవలెను? పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మాదర చెన్నయ్య కథ కలదు. కరికాలచోడుడు పెట్టిన రాజభోజ్యముల కంటె చెన్నయ్య అంబలి శివునికి ప్రియమైనది. అచ్చట పదార్థమును బట్టి గౌరవము రాలేదు. తెచ్చినవాని శ్రమను, భక్తిని బట్టి వచ్చినది. ఆయ్దక్కి మారయ్య కథ మరింత వంటయింటిది. రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చి దాసోహము చేయుట ఆయన కాయకము. ఒకనాడు వాడుక కంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ ఎక్కువను తిరిగి పోసి రమ్మని పంపెను. ఆ యింటి కొలత తప్పరాదన్నది ఆమె పట్టు. ఈనాడు పెండ్లి పంక్తులలో ఇరువది రకములు వడ్డించి సగము విస్తరులలో విడిచిపెట్టు మన గృహములలో పుట్టగొడుగు కంటె ముందుగా విచారింపవలసిన అనాచారము అదియే.

పుట్టగొడుగు ఏ జాతిది?

పుట్టగొడుగు మొక్క కాదు; జంతువును కాదు. అది శిలీంధ్రము. దానికి పత్రహరితము లేదు. ఎండతో ఆహారము తయారు చేసికొనలేదు. ఎండుగడ్డి, కుళ్ళిన కొయ్య, ఆకు మొదలగువాటినుండి తన పోషణ తీసికొనును. మనము కోయు గొడుగు దాని పండు వంటిది; అసలు శరీరము తెల్లని నూలుపోగులవలె గడ్డిలోనో, మట్టిలోనో అల్లుకొని యుండును. ఉరుములు ఉరిమిన పుట్టగొడుగులు మొలచునని మన పల్లెలలో చెప్పుదురు. ఉరుము వెంట వచ్చు వాన తేమయే దానికి కారణము. పుట్టలమీద మొలచు జాతికి చెదపురుగులతో పొత్తు కలదు. ఆ పురుగులు తమ గూటిలో ఆ శిలీంధ్రమును పెంచుకొనును.

పెద్దల పక్షమున ఒక మాట దాచకుండ చెప్పవలెను. శిలీంధ్రముల కణముల గోడలలో కైటిన్ అను పదార్థము కలదు. రొయ్య పెంకులో, పీత పెంకులో ఉన్నదియు అదే. నమలునప్పుడు కూరగాయకంటె వేరుగా తోచుట పెద్దల భ్రమ కాదు. అయినను పుట్టగొడుగునకు రక్తము లేదు, నాడులు లేవు, నొప్పి నెరుగు ఇంద్రియము లేదు. కోసినప్పుడు ఏ ప్రాణియు విలవిలలాడదు. దయయే ధర్మమునకు మూలమని బసవేశ్వరుడు బోధించెను. ఆ దృష్టితో చూచినచో తోటకూర కోయుటకును, పెంచిన పుట్టగొడుగు కోయుటకును భేదము కనబడదు.

నిషేధము ఎచ్చటినుండి వచ్చినది? మనుస్మృతి ఐదవ అధ్యాయమున ద్విజులకు వెల్లుల్లి, ఉల్లి మొదలగువాటితో పాటు పుట్టగొడుగును వర్జ్యముగా చెప్పిరి. వర్ణభేదమును నిరాకరించిన శరణుల సంతతికి ఆ వాక్యము ఒక్కటే ప్రమాణము కాజాలదు. వెల్లుల్లి వేసిన పచ్చడి తినుచు, అదే వాక్యమును చూపి పుట్టగొడుగును మాత్రము వెలివేయుట సరికాదు కదా. అయితే మనసొప్పనివారి విస్తరిలో దానిని వడ్డించుటయు తప్పే. జంగమమూర్తిని ఆహ్వానించిన దినమున ముందుగా అడిగి తెలిసికొనవలెను. మఠపు దాసోహమున అందరికి ఒప్పిన కూరయే వండవలెను. ఇంటిలో వృద్ధులు వలదన్నచో వారి పాత్ర వేరుగా, ముందుగా తీసియుంచిన చాలును.

పొలములో ఏరుట వలదు

పెద్దల భయములో ఒక భాగము పూర్తిగా న్యాయమైనది. అది విషము గురించినది. పొలములలో, పచ్చికలో వానాకాలమున మొలచువాటిలో తినదగినవి, తినరానివి ఒక్క రూపున ఉండును. పచ్చికలో తెల్లగా, గొడుగుపై గోధుమరంగు పొలుసులతో వచ్చు ఒక జాతి మంచిదానివలెనే కనబడి, తిన్న కొన్ని గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనములు కలిగించును. అంతకంటె ఘోరమైనది అమనిటా జాతిలోని కొన్నింటి విషము. తిన్న ఆరుగంటలకో, పన్నెండు గంటలకో, ఒక్కొక్కప్పుడు మరింత ఆలస్యముగనో వాంతులు మొదలగును. ఆపై నడుమ కొంత తేరుకొన్నట్లుండును. ఆ లోపల కాలేయము చెడిపోవుచుండును. ఉడికించినను, ఎండబెట్టినను ఆ విషము పోదు. వెండి నాణెము వేసిన నల్లబడుననియు, వెల్లుల్లి రంగు మారుననియు, పురుగు కొరికినది మంచిదనియు చెప్పు పరీక్షలు అన్నియు అసత్యములు. వాటిని నమ్మి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. అనుమానము కలిగినచో వాంతులకై వేచియుండక, మిగిలిన ముక్కను వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోవలెను. పెంచినది తప్ప ఏరినది వంటయింటికి రానీయరాదు.

బలము సంగతి. శాకాహారుల మాంసమని అంగళ్ళలో చెప్పుమాట అతిశయోక్తి. పచ్చి పుట్టగొడుగులో నూటికి తొంబది పాళ్ళు నీరే; మాంసకృత్తులు నూరు గ్రాములకు సుమారు మూడు గ్రాములు. కందిపప్పులో ఇరువదిరెండు, వేరుసెనగలో ఇరువదియైదు గ్రాముల వరకు కలవు. పప్పు స్థానము పప్పుదే. కోసిన ముక్కలను కొంతసేపు ఎండలో ఉంచిన విటమిన్ డి యేర్పడుట మాత్రము దీని ప్రత్యేకత. పాలు, పెరుగు కూడ మానిన కుటుంబములు బి12 విటమిన్ విషయమున వైద్యుని సలహా తప్పక పొందవలెను. అది కూరలలో, పప్పులలో లభింపదు, పుట్టగొడుగులోను చాలినంత లేదు.

ఇంట పెంచుట, వండుట

తెల్లని బొత్తాము పుట్టగొడుగునకు చలిప్రదేశము వలెను; కోస్తాలో అది చల్లని గదులలో తప్ప పెరుగదు. మనకు ఒప్పినవి రెండు: చలికాలమున చిప్ప పుట్టగొడుగు, వేసవిలో పాల పుట్టగొడుగు. మొదటిది సులభము. శుభ్రమైన వరిగడ్డిని రెండంగుళముల ముక్కలుగా నరికి నీటిలో నానబెట్టవలెను. తరువాత 80 డిగ్రీల వేడినీటిలో ఒక గంట ఉంచి, పిడికిట పిండిన నీరు కారని తడివరకు ఆరబెట్టవలెను. పాలిథీన్ సంచిలో గడ్డి ఒక వరుస, స్పాన్ అనెడు విత్తనము ఒక వరుస వేసి, మూతి కట్టి, చిన్న రంధ్రములు చేసి చీకటిగదిలో పెట్టవలెను. పదునైదు, ఇరువది దినములకు గడ్డి తెల్లగా అల్లుకొనును. అప్పుడు సంచి కోసి, వెలుతురు, గాలి తగులనిచ్చి, దినమునకు రెండు మూడు సారులు నీరు చిలుకరించిన ఆరేడు దినములలో మొదటి కోత వచ్చును. సముద్రపు గాలిలోని తేమ దీనికి మేలే చేయును. సంచులు పడకగదిలో ఉంచరాదు. గొడుగు అంచు పైకి మడువకముందే కోయవలెను. ఆలస్యమైన రాలు సూక్ష్మమైన పొడి కొందరికి దగ్గు, ఆయాసము కలిగించును. నల్లగానో, ఆకుపచ్చగానో బూజు పట్టిన సంచిని వెంటనే దూరముగా పారవేయవలెను.

బూజును శిలీంధ్రమే యని మరువరాదు. కళ్ళములో తడిసి సరిగా ఎండని మిరపకాయలలో, బూజుపట్టిన వేరుసెనగలో పుట్టు అఫ్లటాక్సిన్ కాలేయమునకు శత్రువు. తొడిమ దగ్గర బూజు కనబడిన మిరపకాయను, ముడుతలుపడి రంగు మారిన గింజను ఏరి పారవేయుటలో లోభము పనికిరాదు.

ఇక మిరియాల కూర. మిరప రాకముందటి రుచి ఎట్లుండెనో ఊహించుటకు ఇది మంచి సాధనము. పావుకిలో చిప్ప పుట్టగొడుగులను కడుగవలసివచ్చిన క్షణములో కడిగి గుడ్డతో ఒత్తవలెను, నీటిలో నానవేయరాదు. కత్తితో గాక చేతితో నిలువుగా చీల్చిన బాగుగా ఉండును. వెడల్పైన ఇనుప మూకుడులో రెండు చెంచాల వేరుసెనగనూనె కాచి, జీలకర్ర, కరివేపాకు, అల్లపు తురుము వేసి, మంట పెద్దది చేసి ముక్కలు వేయవలెను. మూత పెట్టరాదు, నీరు పోయరాదు. అవే నీరు విడుచును; ఆ నీరు ఇగిరి అంచులు ఎర్రబడిన పిమ్మట ఉప్పు, చెంచెడు కచ్చాపచ్చాగా దంచిన మిరియములు, గుప్పెడు పచ్చికొబ్బరి తురుము చేర్చి దింపవలెను. ఉప్పు ముందుగా వేసిన కూర చప్పబడి ముద్దయగును. నలుగురైదుగురికి అన్నములో ఒక వాయకు సరిపోవును. ఉల్లి వాడువారు అల్లముతో పాటు వేయించుకొనవచ్చును.

గోంగూరతో వండువారు రెండు కట్టల ఆకును వేరుగా మగ్గించి మెదిపి, పైన చెప్పినట్లు ఇగిరిన ముక్కలలో చివరన కలుపవలెను. కళాయి లేని ఇత్తడి పాత్రలో గోంగూర వండరాదు. పులుపు లోహమును కరగించును. ముక్కల పులుసులో మాత్రము పుట్టగొడుగు వలదు. సొర, గుమ్మడి, మునగ, చిలగడదుంప, చింతపండు, కొంచెము బెల్లము చేరిన ఆ పులుసునకు తన రుచి తనకు కలదు. పుట్టగొడుగు అందు ఉన్నదో లేదో తెలియకుండ పోవును.

వండిన కూర ఆ పూటకే. కోసిన పచ్చివి మిగిలిన కాగితపు సంచిలో చల్లని చోట ఒకటి రెండు దినములు ఉంచవచ్చును. జిగురుపట్టినను, వాసన మారినను తినరాదు. ఎక్కువ పండినచో ఎండలో గలగలలాడునట్లు ఎండబెట్టి, తడి తగులని డబ్బాలో దాచి, వానాకాలమున గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి వండుకొనవచ్చును. మూడు కోతలైన పిమ్మట సంచిలోని గడ్డి మెత్తబడును. దానిని పెరటిలో మట్టి కప్పి కొంతకాలము మాగనిచ్చి, ఇసుకపాలు ఎక్కువైన మడిలో కలిపి గోంగూర విత్తనములు చల్లవచ్చును.